మన క్లబ్బుకు ఎంత పొడుగు లెన్సు కావాలి?

మన విద్యార్థి సంఘానికి అనుబంధంగా ఉన్న ప్రకృతి–ఫోటోగ్రఫీ క్లబ్బులో ఈ సంవత్సరం జరిగినన్ని వాదోపవాదాలు సంఘం ఎన్నికల్లో కూడా జరగలేదంటే అతిశయోక్తి కాదు. విషయం చిన్నదే. క్లబ్బు దగ్గర ఒక చిన్న మిర్రర్‌లెస్ కెమెరా ఉంది. దానికి పక్షుల్నీ జంతువుల్నీ దూరం నుంచి తీయగల టెలిఫోటో లెన్సు ఒకటి కొనాలి. సంఘం కొంత సొమ్ము కేటాయించింది. ఏది కొనాలన్న దగ్గరే తగాదా. ఒక వర్గం వారు "కొంటే పేద్ద లెన్సే కొనాలి, లేకపోతే మానుకోవాలి" అంటున్నారు. రెండో వర్గం వారు "ఉన్న లెన్సుతోనే నాలుగడుగులు దగ్గరికెళ్ళి తీస్తే పోలా? ఆ డబ్బు క్రికెట్ కిట్టుకైనా పనికొస్తుంది" అంటున్నారు. నాకు ఈ ఇద్దరితోనూ పేచీయే. ఇద్దరి చేతా మంచివాడనిపించుకుందామని మధ్యలో నిలబడటం లేదు. కాగితం మీద లెక్క వేసి చూస్తే అలా తేలింది. ఆ లెక్కే ఇక్కడ పెడుతున్నాను. తేడా కనబడితే భౌతికశాస్త్ర శాఖ వారు నిలదీయవచ్చు.

ముందుగా కెమెరా సంగతి. మనది ఒలింపస్ ఈ-ఎం10 మార్క్ 2. 2015లో వచ్చిన మోడలు. బ్యాటరీతో కలిపి 390 గ్రాములు. ఇది మైక్రో ఫోర్ థర్డ్స్ అనే పద్ధతికి చెందినది. ఒలింపస్, పానసోనిక్ కంపెనీలు కలిసి 2008లో ఈ పద్ధతిని తెచ్చాయి. ఇందులో బొమ్మ పడే సెన్సరు 17.3 మిల్లీమీటర్ల వెడల్పు, 13 మిల్లీమీటర్ల ఎత్తు. అదే మన నాన్నల కాలపు ఫిలిం చట్రమైతే 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. అంటే మనది అడ్డంగా చూసినా నిలువుగా చూసినా దరిదాపుగా సగం.

ఈ సగం దగ్గరే దుకాణాల వాళ్ళ మాయ మొదలవుతుంది. 300 మిల్లీమీటర్ల లెన్సును ఈ కెమెరాకు తగిలిస్తే "600 అయిపోతుందండీ" అంటారు. పెట్టె మీద కూడా అలాగే అచ్చేస్తారు. ఏమీ అయిపోదు. గాజు గాజే, 300 మూడు వందలే. పెద్ద గ్రూపు ఫోటోలోంచి మధ్యలో ఉన్న హీరోగారి ముఖం మాత్రం కత్తిరించి ఫ్రేము కట్టించుకున్నట్టు, చిన్న సెన్సరు మధ్య ముక్కను మాత్రమే తీసుకుంటుంది. పక్షి చట్రంలో పెద్దదిగా కనబడేది అందుకే. కనబడే వైశాల్యం 600కి సమానమన్నంతవరకు ఆ మాట నిజమే. లెన్సు రెట్టింపు శక్తివంతమైందని అర్థం చేసుకుంటే మాత్రం మోసపోతాం.

మరి పక్షి నిజంగా ఎంత పెద్దగా పడుతుంది? సూత్రం ఇంటర్మీడియట్‌లో అందరూ బట్టీ పట్టిందే. పక్షి పొడవును లెన్సు నాభ్యంతరంతో గుణించి, దూరంతో భాగించాలి. మన హాస్టలు వెనక కాలవ మీద కరెంటు తీగనెక్కి కూర్చుంటుందే తెల్లరొమ్ము లకుముకి పిట్ట, దాని పొడవు సుమారు 28 సెంటీమీటర్లు. ఇరవై మీటర్ల దూరం నుంచి 300 మిల్లీమీటర్ల లెన్సుతో తీస్తే సెన్సరు మీద దాని బొమ్మ 4.2 మిల్లీమీటర్లు. చట్రం ఎత్తులో ఇంచుమించు మూడోవంతు. మన కెమెరాది 16 మెగాపిక్సెళ్ళ సెన్సరు గనుక ఆ 4.2 మిల్లీమీటర్లలో దాదాపు 1100 పిక్సెళ్ళు ఇముడుతాయి. ఈకల గీతలు లెక్కపెట్టుకోవచ్చు. ఈ సంచికలో సగం పేజీకి ధారాళంగా సరిపోతుంది.

ఇప్పుడు "నాలుగడుగులు దగ్గరికెళ్తే పోలా" వర్గం వారిని పిలుద్దాం. కెమెరాతో వచ్చిన చిన్న లెన్సు 42 మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. అదే ఇరవై మీటర్ల నుంచి దానితో తీస్తే లకుముకి పిట్టకు దక్కేది 156 పిక్సెళ్ళు. అది పిట్టో, తీగకు చిక్కిన గుడ్డపీలికో చెప్పడం కష్టం. 300తో వచ్చినంత బొమ్మ రావాలంటే 2.8 మీటర్ల దగ్గరికి వెళ్ళాలి. ముందు బెంచీకీ నల్లబల్లకూ మధ్య ఉన్నంత దూరం. ఏ లకుముకి పిట్ట మన మొహం చూసి అంతసేపు కూర్చుంటుంది? వెళ్ళేలోపు ఎగిరిపోతుంది. ఎగిరిపోలేనిదైతే, అంటే గూట్లో పిల్లలున్నదైతే, ఆ సంగతి తర్వాత చెబుతాను. అసలు ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నదే దానికోసం.

ఇక పేద్ద లెన్సు వర్గం వారు. వీరు కోరేది పానసోనిక్ లైకా 100–400. మంచి లెన్సే, కాదనను. బరువు 985 గ్రాములు. కెమెరాకు రెండున్నర రెట్లు. (వెలలు వారం వారం మారతాయి గనుక ఇక్కడ రాయడం లేదు. బరువు మారదు, అందుకని బరువులే రాస్తున్నాను. మొత్తమ్మీద రెండూ చేయీ చేయీ పట్టుకునే పెరుగుతాయి.) 300కు బదులు 400 ఉంటే కలిగే లాభమెంత? ఇరవై మీటర్ల దూరాన ఉన్న పిట్ట పదిహేను మీటర్ల దూరానికి వచ్చినట్టు. అంతే. ఐదు మీటర్ల లాభం. ఒలింపస్ వారిదే 75–300 లెన్సు 423 గ్రాములు తూగుతుంది. అంటే ఆ ఐదు మీటర్ల కోసం 562 గ్రాములు అదనంగా మొయ్యాలి, క్లబ్బు సొమ్మంతా దాని మీదే పెట్టాలి. తుమ్మచెట్టు వెనక నిలబడి పదిహేను నిమిషాలు ఓపిక పడితే ఆ ఐదు మీటర్లను పిట్టే ఇచ్చేస్తుంది. మనకే ఆ పదిహేను నిమిషాలు నిలబడటం చేతకాదు.

లెన్సును పొడవుతో కొలవడం మనకు అలవాటైపోయింది. చూడవలసింది ముందు దాని ద్వారం వెడల్పు. నాభ్యంతరాన్ని ఎఫ్ అంకెతో భాగిస్తే అది వస్తుంది. లకుముకి పిట్ట ఒంటి మీంచి వచ్చే వెలుతురులో ఎంత భాగం మన సెన్సరుకు చేరుతుందో నిర్ణయించేది ఆ ద్వారమే. బిందె మూతి ఎంత వెడల్పైతే వాననీళ్ళు అంత పడతాయి, ఇదీ అంతే. ఒలింపస్ 75–300 చివర ఎఫ్/6.7 గనుక దాని ద్వారం 45 మిల్లీమీటర్లు. పానసోనిక్ 100–300 చివర ఎఫ్/5.6, ద్వారం దాదాపు 54. పానసోనిక్ లైకా 100–400 చివర ఎఫ్/6.3, ద్వారం 63.5. ఒలింపస్ 300 ఎఫ్/4కు 75. వెలుతురు ద్వారం వైశాల్యాన్ని బట్టి గనుక 45కూ 63.5కూ తేడా సరిగ్గా రెండింతలు. వెలుతురు రెండింతలు కావాలంటే బరువు రెండింతలు దాటిపోయింది చూడండి. ప్రకృతి ఎవరికీ ఊరికే ఏదీ ఇవ్వదు, జపాను వాళ్ళకైనా.

ఇక్కడొక తమాషా ఉంది. ఒలింపస్ వారి 40–150 ఎఫ్/2.8 అనే పేరుమోసిన లెన్సు ద్వారం కూడా 150 దగ్గర 54 మిల్లీమీటర్లే. పానసోనిక్ 100–300కు 300 దగ్గర ఎంతో అంతే. "ఎఫ్/2.8 అన్నా, వెలుతురు కుమ్మేస్తుంది!" అని మన జూనియర్లు కళ్ళింత చేసుకుని చెబుతుంటారు. కుమ్మేస్తుంది, సందేహం లేదు. అయితే ఇరవై మీటర్ల దూరంలో కదలకుండా కూర్చున్న అదే పిట్టను రెండింటితోనూ తీసి, మొదటి బొమ్మను కత్తిరించి రెండోదానికి సమానం చేస్తే పిట్టకు దక్కిన వెలుతురు రెండింటిలోనూ ఒక్కటే. పైగా కత్తిరించినదాంట్లో పిక్సెళ్ళు నాలుగోవంతే మిగులుతాయి. ఎఫ్/2.8 గొప్పతనం జంతువు దగ్గరగా ఉండి చట్రాన్ని నింపినప్పుడే బయటపడుతుంది. నల్లమలలో జీపు మీద వెళ్తూ, చెట్ల నీడలో ముప్ఫై అడుగుల దూరాన నిలబడ్డ కణుజును తీయాలంటే అలాంటి లెన్సే కావాలి, నిజమే. మనం నల్లమలకు మూడేళ్ళకోసారి విహారయాత్రకు వెళ్తాం. చెరువు కట్టకు ప్రతి ఆదివారం వెళ్తాం. లెన్సు ఆదివారం కోసం కొనాలి.

ఆదివారం అన్నాను గనుక మన ఎండను గురించి నాలుగు మాటలు చెప్పాలి. లెన్సుల మీద సమీక్షలు చాలావరకు మబ్బు కమ్మే చలిదేశాల్లో కూర్చున్నవారు రాస్తారు. ఎఫ్/6.7 అనగానే వారు పెదవి విరవడం సహజం. ఆ పెదవి విరుపును మనవాళ్ళు కూడా అరువు తెచ్చుకోవడమే నాకు నవ్వు తెప్పిస్తుంది. ఫిలిం రోజుల్లో డబ్బాలో పెట్టిన కాగితం మీద ఒక సూత్రం అచ్చేసి ఉండేది. నిర్మలమైన ఎండలో ఎఫ్/16 పెట్టు, ఐఎస్‌ఓ ఎంతో సెకనులో అన్నో వంతు షట్టరు పెట్టు అని. దాన్ని పట్టుకుని లెక్క వేయండి. ఎఫ్/16 నుంచి ఎఫ్/6.7కు తెరిస్తే వెలుతురు ఐదున్నర రెట్ల పైచిలుకు. ఐఎస్‌ఓ 400 దగ్గరే సెకనులో రెండువేలవ వంతు షట్టరు దొరుకుతుంది. రెక్కలాడించే కొంగనైనా ఆ వేగంతో గాలిలో నిలబెట్టవచ్చు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అంటే వలసపక్షులు మన చెరువుల్లో ఉండే కాలంలో, మన ఆకాశం ఎలా ఉంటుందో నేను చెప్పాలా? పొద్దు పొడిచిన మొదటి అరగంట, అడవి నీడ — ఈ రెండింటిలోనే చిన్న ద్వారం లెన్సు చిక్కులు పెడుతుంది. నీడలో నాలుగు స్టాపులు తగ్గితే ఐఎస్‌ఓ 6400 దాకా పోవాలి. మన చిన్న సెన్సరుకు అక్కడ ఇసుక చల్లినట్టు గరుకుదనం వచ్చేస్తుంది. అది ఒప్పుకుంటాను. మిగతా రోజంతా సూర్యభగవానుడే మన లెన్సుకు సగం వెల కడుతున్నాడు. దాన్ని కాదని మొత్తం మన జేబులోంచే కడతామనడం ఏం తెలివి?

పోనీ మనం వెళ్ళే చోట్లనే తీసుకుని చూద్దాం. గుంటూరు పక్కన ఉప్పలపాడు. ఊరి చెరువులో చెట్ల మీద గూడబాతులూ, రంగురంగుల పెద్ద కొంగలూ గూళ్ళు కడతాయి. కట్ట మీద నిలబడితేనే గూళ్ళు కనబడతాయి. 300 అక్కడికి చాలు, ఒక్కోసారి 100కు తగ్గించవలసి వస్తుంది. జూము లెన్సే ఎందుకనేవారికి అదే జవాబు. కైకలూరు దగ్గర ఆటపాక, కొల్లేటి అభయారణ్యంలోది. అక్కడి గూడబాతు ముక్కు నుంచి తోక దాకా మీటరు నలభై సెంటీమీటర్లనుకుంటే, వంద మీటర్ల దూరం నుంచి 300తో దాని బొమ్మ ఎంత? 4.2 మిల్లీమీటర్లు! ఇరవై మీటర్ల లకుముకి పిట్ట ఎంతో అంతే. మన ప్రాంతపు ఘనత ఇదే మరి. మన నీటిపక్షులు పెద్దవి, గుంపుగా ఉంటాయి, మనుషులకు మరీ బెదరవు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనైతే ఊళ్ళో చెట్ల మీదే కాపురం. (పత్రికల వారు ఏటా వీటిని "సైబీరియా నుంచి వచ్చిన అతిథులు" అని రాస్తారు. ఆ కొంగలూ, ఆ గూడబాతులూ మన ఉపఖండంలో పుట్టి పెరిగినవే. ఎక్కడ నీళ్ళూ చేపలూ ఉంటే అక్కడికి తిరుగుతుంటాయి. జంతుశాస్త్ర శాఖలో చదివి ఆ వార్త చూసి ఊరుకోలేక రాస్తున్నాను.)

పులికాట్ సంగతి వేరు. అక్కడి రాజహంసలు ఒండ్రు నేల మీద నాలుగు వందల మీటర్ల అవతల నిలబడి ఉంటాయి. అంత దూరానికి 300తో ఒక్కో పక్షి ఎత్తు మిల్లీమీటరు. "అందుకే 600 కావాలి" అంటారు. 600 పెడితే రెండు మిల్లీమీటర్లవుతుంది, సరే. కానీ పదిన్నర దాటిన తర్వాత నేల వేడెక్కి గాలి సెగలా అలలు తేలుతుంది. కల్లు గీసేచోట పొయ్యి మీదుగా అవతలి మనిషిని చూస్తే ఎలా ఉంటాడో, పక్షులు అలా ఉంటాయి. ఆ సెగను దాటగల గాజును ఇంతవరకు ఎవరూ పోత పోయలేదు. లెన్సు పొడుగయ్యేకొద్దీ ఆ సెగ కూడా అంతంత పెద్దదిగా కనబడుతుంది. పులికాట్‌లో చేయవలసింది తెల్లవారకముందే చేరుకోవడం. రెండోది, ఒక్క పక్షి ముఖం కోసం పాకులాడకుండా వెయ్యి పక్షుల బారునూ, వెనక నీటినీ, ఆకాశాన్నీ కలిపి తీయడం. దానికి 75 అయినా చాలు. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ గారు (1912–1996) నలుపు తెలుపు ఫిలిం మీద ఏనుగుల్ని తీసేవారు. ఆయన బొమ్మల్లో ఏనుగుతోబాటు అడవి కూడా కనిపిస్తుంది. ఇప్పుడు మన పోటీలకు వచ్చే బొమ్మలన్నీ పాస్‌పోర్టు ఫోటోల్లా ఉంటున్నాయి. పక్షి ముక్కు, కన్ను, వెనక పచ్చటి మసక. ఏ ఊళ్ళో తీశారో, ఏ చెట్టు మీద ఉందో దేవుడికెరుక.

ఇంకొన్ని పనికొచ్చే సంగతులు గబగబా చెప్పేస్తాను. చెయ్యి వణుకును సర్దే ఏర్పాటు కొన్ని కెమెరాల ఒంట్లోనే ఉంటుంది, కొన్నిటికి లెన్సులో ఉండాలి. మన ఒలింపస్‌కు ఒంట్లోనే ఉంది. ఒలింపస్ 75–300లో ఆ ఏర్పాటు లేదు, కాబట్టి ఒంట్లో ఆ వసతి లేని పాత పానసోనిక్ ఉన్న మిత్రులు దాన్ని కొంటే షట్టరు నొక్కిన ప్రతిసారీ భూకంపమే. సోనీ 6000, 6400 ఉన్న పూర్వవిద్యార్థులకు సోనీ వారి 70–350 (625 గ్రాములు, వణుకు సర్దే ఏర్పాటు లెన్సులోనే ఉంది) సరైన జోడు. కానన్ ఆర్ఎఫ్ రకం వారికి 100–400 ఎఫ్/5.6–8 ఉంది, 635 గ్రాములే. నికాన్ జెడ్ 50 వారి 50–250 మరీ తేలిక, 405 గ్రాములు, కాకపోతే 250 దగ్గర ఆగిపోతుంది. వణుకు సర్దడం వేరు, పక్షి కదలికను ఆపడం వేరు. రెండోది షట్టరు వేగం వల్లనే అవుతుంది. చాలామంది ఈ రెండూ కలగలిపేసుకుని చెరువు దగ్గర ఏడుస్తారు. మరొకటి. కంటికి ఆనించి చూసే వ్యూఫైండరు లేని మరీ చిన్న కెమెరాలకు ఇలాంటి లెన్సు తగిలించవద్దు. చేతులు చాచి తెర చూస్తూ తీస్తే పక్షి చట్రంలో నిలవనే నిలవదు. నుదుటికి ఆనితేనే మూడో ఆసరా.

మన కెమెరాలో ఒక లోపం ఉంది, దాచి లాభం లేదు. దాని ఫోకసు పద్ధతి పాతది. కూర్చున్న పక్షిని చక్కగా పడుతుంది, ఎగిరేదాని వెంట పరిగెత్తలేదు. పేద్ద లెన్సు వర్గం వారు ఎగిరే డేగల బొమ్మలు చూపించి మనల్ని ఊరిస్తున్నారు. ఆ బొమ్మలు రావాలంటే మార్చవలసింది కెమెరాను. తోక పొడుగైనంత మాత్రాన గాలిపటం దానంతటది ఎగరదు.

ఇంతకీ నా ఓటు దేనికి? పానసోనిక్ 100–300 రెండో రకానికి. 2017లో వచ్చింది, 520 గ్రాములు. ఒలింపస్ 75–300 కన్నా 97 గ్రాములు ఎక్కువ, వెలుతురు మాత్రం నలభై శాతానికి పైగా ఎక్కువ. ఆ 97 గ్రాములు ఇచ్చుకోదగ్గవే. 300 దగ్గర పూర్తిగా తెరిస్తే బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, ఎఫ్/7.1కు మూస్తే సర్దుకుంటుంది. దుమ్మూ తుంపరలూ లోపలికి పోకుండా కట్టుదిట్టం ఉందని కంపెనీ వారు గొప్పగా చెప్పుకుంటారు. మన కెమెరాకు ఆ కట్టుదిట్టం లేదు గనుక మనకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. వాన వస్తే గొడుగు కిందికి పోవలసిందే. సెకండ్‌హాండులో దొరికితే ఇంకా మంచిది. టార్చిలైటు ఒకవైపు నుంచి వేసి మరోవైపు నుంచి చూడాలి, లోపల సాలెగూడులా తెల్లటి దారాలు కనబడితే బూజు పట్టిందన్నమాట, ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. మన కోస్తా గాలిలో మంచి లెన్సుకు కూడా రెండు వానాకాలాల్లో బూజు పడుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు. ఈ ఖర్చు బడ్జెట్టులో ఎవరూ రాయలేదు, నేను రాస్తున్నాను.

ఇప్పుడు గూళ్ళ సంగతి. క్లబ్బు ప్రదర్శనలో కిందటి సంవత్సరం ఎక్కువ చప్పట్లు పడ్డ బొమ్మలు ఏవో గుర్తు తెచ్చుకోండి. నోళ్ళు తెరిచిన పిల్లలు, పురుగు పట్టుకొచ్చిన తల్లి. అవన్నీ చిన్న లెన్సులతో, ఫోన్లతో తీసినవి. అంటే అన్నీ గూటికి రెండు మూడు మీటర్ల దూరం నుంచి తీసినవే. బొమ్మ బాగా కనబడాలని అడ్డొచ్చిన కొమ్మలు పక్కకు కట్టేయడం, ఆకులు తుంచేయడం మనవాళ్ళు సిగ్గుపడే పనిగా కూడా అనుకోవడం లేదు. ఆ ఆకులే గూటికి ఎండ నుంచీ కాకి నుంచీ కాపు. మనం తీసేసి వచ్చిన సాయంత్రానికి కాకి వస్తుంది. మన బొమ్మకు చప్పట్లు పడే వేళకు ఆ పిల్లలు ఉండవు. తల్లి మన భయంతో గంటసేపు దూరంగా కూర్చుంటే గుడ్లు ఎండకు ఉడికిపోతాయి. ఈ మాట అన్నందుకు నన్ను "ఛాందసుడు" అన్నవారున్నారు. నా ఛాందసం సంగతి అలా ఉంచండి, చట్టం ఏమంటుందో చూడండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం "వేట" అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో చంపడం, పట్టడం, ఉచ్చు పన్నడంతోబాటు అడవి పక్షుల గుడ్లనూ గూళ్ళనూ కలవరపెట్టడం కూడా చేరి ఉంది. తుపాకీ పట్టినవాడూ, కొమ్మ విరిచి ఫోటో తీసినవాడూ ఆ ఒక్క మాట కిందికే వస్తున్నారు.

లెన్సు పొడవుకు నేనిచ్చే అసలు విలువ ఇక్కడ ఉంది. 42 మిల్లీమీటర్ల లెన్సు మనల్ని 2.8 మీటర్లకు లాక్కెళ్తుంది, 300 మనల్ని ఇరవై మీటర్ల దగ్గర ఆపుతుంది. లెన్సు కొనొద్దనేవారి పొదుపుకు వెల కట్టేది ఆ పిల్లలు. అలాగని పొడుగు లెన్సు చేతికొస్తే బుద్ధి దానంతటదే వస్తుందని నేననను. 600 మోసుకుని కూడా ఇంకో పది మీటర్లు, ఇంకో పది మీటర్లు అంటూ కొంగల గుంపును లేపేసేవారిని చెరువు దగ్గర చూస్తూనే ఉన్నాం. ఎంత పొడుగున్నా ఇంకాస్త పెద్ద బొమ్మ కావాలనిపిస్తూనే ఉంటుంది. ఆ "ఇంకాస్త"ను కంపెనీ వారు ఏటా కొత్త పెట్టెలో పెట్టి అమ్ముతారు.

లెన్సు లేని కన్ను ఎంత పని చేస్తుందో కడప జిల్లా చెప్పింది. కలివికోడి అనే పక్షి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిపోయిందనే లెక్క వేశారు. 1986లో అది అక్కడి ముళ్ళపొదల్లో మళ్ళీ దొరికింది. దొరికింది శాస్త్రజ్ఞుల పరికరాలకు కాదు, రాత్రిపూట దీపం పట్టుకుని తిరిగే ఆ ఊరి వేటగాడికి. ఏ పొదలో ఏముంటుందో అతనికి తెలుసు. మన క్లబ్బులో ఉన్న మెంబర్లలో హాస్టలు ఆవరణలోని పది పక్షుల పేర్లు తెలుగులో చెప్పగలవారు ఎందరు? పాలపిట్టను చూపించి "బ్లూ కలర్ బర్డ్" అంటుంటే ఏ లెన్సు ఏం చేస్తుంది!

కాబట్టి నా ప్రతిపాదన ఇది. ఒకటే లెన్సు, 100–300. మిగిలిన సొమ్ముతో 8×42 బైనాక్యులర్లు ఎన్ని వస్తే అన్ని. ఫోటో ఒకరే తీయగలరు, చూడటం పదిమందీ చూడవచ్చు. మొదటి నెల ఎవరికీ లెన్సు ఇవ్వకూడదు, బైనాక్యులరుతో చెరువు కట్ట మీద కూర్చుని వచ్చి ఏం చూశారో రాయాలి. ఆ తర్వాతే తాళం. లెన్సు తీసుకెళ్ళేవారు సంతకం పెట్టే రిజిస్టరులో తేదీ, పేరు, తరగతితోబాటు మరో రెండు గళ్ళు ఉండాలి. ఒకటి, ఎంత దూరం నుంచి తీశారు. రెండు, మీరు వచ్చేసేటప్పుడు పక్షి అక్కడే ఉందా, ఎగిరిపోయిందా. రెండో గడిలో "ఎగిరిపోయింది" అని వరసగా మూడుసార్లు రాసినవారికి ఆ టర్ములో లెన్సు ఇవ్వకూడదు. గూటి బొమ్మలను ప్రదర్శనకు అసలు తీసుకోకూడదు.

"అబద్ధం రాస్తే ఎలా తెలుస్తుందన్నా?" అని ఒక ఫస్టియర్ తమ్ముడు అడిగాడు. ఫోటో ఫైలులో నాభ్యంతరం నమోదై ఉంటుంది. పక్షి పొడవు పుస్తకంలో ఉంటుంది. సెన్సరు మీద బొమ్మ ఎంతో స్కేలు పెట్టి కొలవవచ్చు. పైన చెప్పిన సూత్రాన్ని తిరగేస్తే దూరం బయటపడుతుంది. ఆ తమ్ముడు కాసేపు ఆలోచించి, జులైలో జరిగే సర్వసభ్య సమావేశంలో నా తీర్మానాన్ని తానే బలపరుస్తానన్నాడు.